డేటాబేస్ పాఠాలు - 7: పోయిందనుకున్న ప్రైమరీ తిరిగొస్తే

ఈసారి బ్యాకప్‌ల గురించి చెబుతానన్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను, ఎందుకంటే ఆరో పాఠం అభ్యాసంలో చాలామంది ఒకేచోట బోల్తా పడ్డారు. ప్రైమరీని (రాతలు తీసుకునే ప్రధాన సర్వర్) ఆపారు, స్టాండ్‌బైని (దాని మార్పుల్ని అందుకుంటూ నకలుగా నడిచే సర్వర్) ప్రమోట్ చేశారు, అంటే దాన్నే కొత్త ప్రైమరీగా మార్చారు. అప్లికేషన్ నడిచింది. అంతవరకు బాగానే ఉంది. తర్వాత పాత ప్రైమరీని మామూలుగా స్టార్ట్ చేశారు. అదీ లేచింది, రాతలు తీసుకుంది. కాసేపటికి ఒకదాంట్లో ఉన్న రికార్డులు ఇంకోదాంట్లో కనిపించలేదు. "క్రాష్ రికవరీ ఫెయిలైందా?" అని అడిగారు.

ఫెయిలవలేదు. తన పని తాను సరిగ్గా చేసింది కాబట్టే ఈ చిక్కు వచ్చింది. రికవరీనీ ఫెయిలోవర్‌నీ (ప్రైమరీ పడిపోతే ఆ బాధ్యతను స్టాండ్‌బైకి అప్పగించడం) ఒకే పాఠంలో కలిపేసి తేడా చెప్పకపోవడం నా పొరపాటు.

క్రాష్ రికవరీ ఒక సర్వర్ సొంత వ్యవహారం. మన డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ పడిపోయి లేస్తే, చివరి చెక్‌పాయింట్ (అప్పటిదాకా జరిగిన మార్పులన్నీ డేటా ఫైళ్లకు చేరిన చోటు) నుంచి మొదలుపెట్టి వాల్ లాగ్‌లోని (ప్రతి మార్పునూ ముందుగా రాసిపెట్టుకునే చిట్టా) మార్పులన్నీ మళ్లీ వేసుకుంటుంది. కమిట్ ఎంట్రీ (ఖరారైందన్న గుర్తు) లాగ్‌లో ఉన్న ట్రాన్సాక్షన్ (కలిసి జరగాల్సిన మార్పుల గుంపు) నిలుస్తుంది, లేనిది లెక్కలోకి రాదు. ఇదంతా జరిగేటప్పుడు అది పక్క సర్వర్‌ని ఒక్క మాట కూడా అడగదు. తను పడి ఉన్నప్పుడు ఇంకొకరు ప్రైమరీ అయ్యారన్న సంగతి దాని డిస్క్‌లో ఎక్కడా ఉండదు. స్టాండ్‌బైగా ఉండమని చెప్పే సిగ్నల్ ఫైల్ లేకపోతే, తానే ప్రైమరీ అనుకుని తలుపులు తెరుస్తుంది. ఎవరు ప్రైమరీ అన్నది గుంపు తేల్చాల్సిన విషయం, ఒంటరి సర్వర్ తేల్చేది కాదు.

అంకెల్లో చూద్దాం. పాత ప్రైమరీ లాగ్ 1000వ ఎంట్రీ దాకా రాసింది. రెప్లికేషన్ (మార్పుల్ని స్టాండ్‌బైకి పంపడం) అసింక్రనస్, అంటే అవి చేరేదాకా ప్రైమరీ ఆగదు కాబట్టి స్టాండ్‌బైకి 970 వరకే చేరాయి. ప్రమోట్ చేయగానే స్టాండ్‌బై టైమ్‌లైన్ (లాగ్ చరిత్ర ఏ శాఖదో చెప్పే అంకె) 1 నుంచి 2కి మారి, తన సొంత 971ని రాసింది. ఇప్పుడు రెండు 971లు ఉన్నాయి, రెండూ నిజమే. పాతదాన్ని కొత్తదానికి స్టాండ్‌బైగా తగిలించబోతే కుదరదు, ఎందుకంటే దాని చరిత్ర 970 దగ్గరే చీలిపోయింది. పీజీ రివైండ్ అనే పోస్ట్‌గ్రెస్ సాధనం ఆ చీలిక ఎక్కడుందో కనుక్కుని, అక్కడి నుంచి పాత సర్వర్‌లో మారిన బ్లాకుల్ని కొత్త ప్రైమరీ నుంచి తెచ్చి సరిచేస్తుంది. దానికి డేటా చెక్‌సమ్‌లు గానీ వాల్ లాగ్ హింట్స్ గానీ అనే సెట్టింగ్ ముందే ఆన్ చేసి ఉండాలి. ఆ 30 ఎంట్రీలు మాత్రం పోతాయి. అందుకే రివైండ్‌కి ముందు పాత డేటా డైరెక్టరీని మొత్తం కాపీ తీసి పక్కన పెడతాను. డిస్క్ ఖర్చవుతుందని ఈ పని మానొద్దు. అంతకంటే ముందు, మెషీన్ లేవగానే పోస్ట్‌గ్రెస్ దానంతటది స్టార్ట్ అయ్యే ఏర్పాటును తీసేస్తాను. మీలో సగం మంది ఇబ్బంది ఈ ఒక్క పనితో తీరేది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది వేరే విషయం. "ప్రైమరీ చచ్చిపోయింది కదా" అని చాలామంది రాశారు. అది చచ్చిపోయిందని మీకెలా తెలుసు? మీకు తెలిసింది అది జవాబివ్వలేదని మాత్రమే. నెట్‌వర్క్ తెగి ఉండొచ్చు, డిస్క్ నత్తనడక నడుస్తుండొచ్చు, వర్చువల్ మెషీన్ కాసేపు స్తంభించి ఉండొచ్చు. బయటి నుంచి చూస్తే వీటికీ చావుకీ తేడా కనిపించదు. 2018 అక్టోబర్ 21న గిట్‌హబ్‌లో నెట్‌వర్క్ తెగింది 43 సెకన్లే. ఆ కొద్దిసేపట్లోనే మై-ఎస్‌క్యూఎల్ ప్రైమరీ బాధ్యత అమెరికా తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి మారిపోయింది. తూర్పున అప్పటికే తీసుకున్న కొన్ని రాతలు పడమటికి చేరలేదు. రెండు వైపులా రెండోవైపు లేని రాతలు మిగిలాయి. డేటా చెడకుండా అంతా కుదుటపరచడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

కొందరు టైమవుట్‌ని (జవాబు రాకపోతే ప్రైమరీ పోయిందనుకునే గడువు) 2 సెకన్లకు తగ్గించారు. దయచేసి వద్దు. టైమవుట్ తగ్గితే చావును త్వరగా పట్టుకోవడం మాట అటుంచి, బతికున్నదాన్ని చచ్చిందనుకోవడం ఎక్కువవుతుంది. చేయాల్సింది ఫెన్సింగ్. కొత్తదాన్ని ప్రమోట్ చేసే ముందే పాతది రాయలేని స్థితి కల్పించాలి. దాని కరెంటు తీసేయొచ్చు, దాని నెట్‌వర్క్ పోర్ట్ మూసేయొచ్చు. లేదా అదే తప్పుకునేలా గడువున్న తాళం పెట్టాలి. పోస్ట్‌గ్రెస్ ఫెయిలోవర్‌ని నడిపే ప్యాట్రోనీ అనే సాధనం చేసేది ఇదే. లీడర్ (అంటే ప్రైమరీ) తాళం ఈటీసీడీలో (కొన్ని నోడ్లు మెజారిటీతో ఒకే మాట మీద ఉండే చిన్న స్టోర్) ఉంటుంది, డిఫాల్ట్ గడువు 30 సెకన్లు. దాన్ని పొడిగించుకోలేకపోతే పాత లీడర్ తనంతట తానే దిగిపోతుంది. ప్యాట్రోనీయే వేలాడిపోయి కింద పోస్ట్‌గ్రెస్ నడుస్తుంటే? అందుకే వాచ్‌డాగ్ (క్రమంగా కబురు అందకపోతే మెషీన్‌నే రీస్టార్ట్ చేసే కాపలా) కూడా పెట్టుకోవాలి. ఈటీసీడీ నోడ్లు 3 పెట్టండి, 4 వద్దు. సగానికి మించి నోడ్లు బతికుంటేనే అది పనిచేస్తుంది కాబట్టి, మూడున్నా నాలుగున్నా తట్టుకునేది ఒక్కదాని లోటునే.

ఇక అభ్యాసం. ఈసారి ఒక సాయంత్రం మొత్తం కేటాయించండి. ప్రైమరీకి వరసగా అంకెలు పంపే చిన్న స్క్రిప్ట్ రాయండి. కమిట్ అయిందని జవాబొచ్చిన అంకెల్నే విడిగా ఒక ఫైల్‌లో రాసుకోవాలి. క్లయింట్ టైమవుట్ పెట్టొద్దు. ప్రైమరీని చంపకండి, డాకర్ పాజ్ కమాండ్‌తో స్తంభింపజేయండి. స్టాండ్‌బైని ప్రమోట్ చేసి, ఇంకో స్క్రిప్ట్‌తో దానికి రాయండి. నిమిషం తర్వాత పాతదాన్ని అన్‌పాజ్ చేసి మళ్లీ నడవనివ్వండి. ఈసారి రికవరీ కూడా ఉండదు, ఆగినచోటి నుంచే పని కొనసాగిస్తుంది. మొదటి స్క్రిప్ట్‌కి మళ్లీ జవాబులు రావడం మీరే చూస్తారు. ఫైల్‌లో ఉండి కొత్త ప్రైమరీలో లేని అంకెలు లెక్కపెట్టండి. ఇలా 20 సార్లు చేయండి. తర్వాత స్టాండ్‌బైలు రెండు పెట్టి, వాటిలో ఏదో ఒకటి ఒప్పుకుంటేనే కమిట్ అయ్యేలా సింక్రనస్ సెట్టింగ్ మార్చి మరో 20 సార్లు చేయండి. ప్రమోట్ చేసేటప్పుడు, లాగ్ ఎక్కువ అందుకున్న స్టాండ్‌బైనే ఎంచుకుని, రెండోదాన్ని దానికి తగిలించండి. రెండు విడతల్లో పోయిన అంకెల లెక్క పక్కపక్కన రాసి పంపండి.