మినీ డీవీ క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కడం లేదా?

సమస్య: యూఎస్‌బీ కేబుల్ పెడితే ఫొటోలే వస్తున్నాయి, వీడియో లేదు.

కారణం: చాలా మినీ డీవీ (చిన్న డిజిటల్ టేపు) క్యామ్‌కార్డర్లలో యూఎస్‌బీ ఇచ్చింది మెమరీ కార్డులోని ఫొటోల కోసమే. టేపు మీది వీడియో డీవీ పోర్టు నుంచి, అంటే ఫైర్‌వైర్ నుంచి రావాలి. సోనీ కెమెరాల మీద దాన్నే ఐ-లింక్ అని రాస్తారు.

పరిష్కారం: డెస్క్‌టాప్‌కి ఒక ఫైర్‌వైర్ కార్డు, ఒకవైపు 4, రెండోవైపు 6 పిన్నులున్న కేబుల్ కావాలి. విశాఖ ద్వారకానగర్ షాపుల్లో అడిగితే పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల క్యాప్చర్ డివైస్ చూపించొచ్చు. డీవీ పోర్టు బాగున్నంతవరకు ఆ డివైస్ జోలికి పోకండి. అది అనలాగ్ సిగ్నల్‌ని మళ్లీ డిజిటల్‌గా మారుస్తుంది, బొమ్మ నాణ్యత పోతుంది. కెమెరా ఆఫ్ చేశాకే కేబుల్ పెట్టండి. 6 పిన్నుల కొసని తిరగేసి నొక్కితే పోర్టు కాలిపోవచ్చు.

సమస్య: కేబుల్ సరిగ్గానే ఉంది, కెమెరా మాత్రం కంప్యూటర్‌కి కనిపించదు.

ముందు కెమెరా స్విచ్ చూడండి. రికార్డింగ్‌లో కాదు, ప్లే లేదా వీసీఆర్ మోడ్‌లో ఉండాలి. అయినా దొరక్కపోతే, విండోస్ 10లో పాత 1394 (ఫైర్‌వైర్) లెగసీ డ్రైవర్ వేస్తే చాలాసార్లు పని అవుతుంది.

సమస్య: బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతోంది, లేదా తేమ హెచ్చరిక వెలుగుతోంది.

మన ఊళ్లో ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఏసీ గదిలో చల్లబడిన కెమెరాని ఉక్కపోతగా ఉన్న హాల్లోకి తెస్తే లోపల నీటి ఆవిరి పడుతుంది. లోపల తిరిగే డ్రమ్ము తడిసి దానికి టేపు అతుక్కుంటే, టేపు నలిగిపోతుంది. క్యాసెట్ తీసేసి, మూత తెరిచి గంటసేపు వదిలేయండి. గది మార్చేటప్పుడు కెమెరాని ప్లాస్టిక్ కవర్లో కట్టి తెస్తే ఈ గొడవే ఉండదు.

తేమ లేకున్నా గళ్లు పడుతుంటే టేపుని చదివే హెడ్‌కి మురికి పట్టి ఉండొచ్చు. డ్రై క్లీనింగ్ క్యాసెట్ 10 సెకన్లు తిప్పితే చాలు, అదేపనిగా తిప్పితే హెడ్ అరిగిపోతుంది. ప్లే చేసే ముందు ప్రతి క్యాసెట్‌నీ వెలుతురులో పెట్టి, కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. తెల్లటి పొడిలా కనిపిస్తే అది బూజు. ఆ క్యాసెట్‌ని కెమెరాలో అసలు పెట్టొద్దు, హెడ్‌కి అంటుకుని మిగతా టేపులకీ పాకుతుంది. తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించండి.

సమస్య: క్యాప్చర్ (టేపుని కంప్యూటర్‌లోకి ఎక్కించడం) 20 నిమిషాల లోపే ఆగిపోతోంది.

కారణం: గంట డీవీ వీడియోకి సుమారు 13 జీబీ పడుతుంది. మీ హార్డ్‌డిస్క్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు. డేటా వేరేచోటికి కాపీ చేసుకుని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేయండి. గంట టేపు ఎక్కడానికి గంట పడుతుంది, తొందరపెట్టే దారి లేదు.

సమస్య: ఎడిటింగ్‌లో కదలికలు కుదుపుగా ఉన్నాయి.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన కెమెరా అయితే అది ఎన్‌టీఎస్‌సీ అనే వీడియో పద్ధతి: 720×480, సెకనుకి 29.97 ఫ్రేములు. ఇక్కడ కొన్నవి పాల్: 720×576, 25 ఫ్రేములు. ప్రాజెక్టు సెట్టింగ్ టేపుకి తగ్గట్టు మార్చండి.