సీబీపీ రిపోర్టు చూసి పేగువాపు జోరు ఎలా అంచనా వేయాలి?

అల్సరేటివ్ కొలైటిస్ గానీ, క్రోన్స్ గానీ, ఈ పేగువాపు జబ్బులు ఉన్నవాళ్ల ఇంట్లో సీబీపీ (రక్తకణాల పరీక్ష) రిపోర్టులు ఫైలు నిండా ఉంటాయి. అందరూ హిమోగ్లోబిన్ ఎంతుందో చూసి మూసేస్తారు. దాని కిందే ఉన్న డిఫరెన్షియల్ కౌంట్ (తెల్లరక్తకణాల్లో ఏ రకం ఎంత శాతమో చెప్పే భాగం) జోలికి ఎవరూ పోరు. అక్కడి రెండు అంకెలతో చిన్న భాగహారం చేస్తే, జబ్బు సద్దుమణుగుతోందా, మళ్లీ లేస్తోందా అన్నది కొంత తెలుస్తుంది. ఇది జబ్బు ఉందని ఇప్పటికే తేలినవాళ్ల కోసమే. జబ్బు ఉందో లేదో ఈ లెక్క చెప్పదు.

1. ముందు పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా పెట్టుకోండి. వాటిలో మీరు పూర్తిగా కుదుటపడి, స్టెరాయిడ్ ఏదీ వాడకుండా ఉన్ననాటి రిపోర్టు దొరికితే దానికి గుర్తు పెట్టుకోండి. అసలు కొలబద్ద అదే.

2. న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ తెల్లరక్తకణాల్లో రెండు రకాలు. న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్స్ శాతంతో భాగించండి. 72, 20 ఉంటే 3.6 వస్తుంది. డాక్టర్లు దీన్ని ఎన్ఎల్ఆర్ అంటారు. ఆరోగ్యవంతుల్లో సాధారణంగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది. పేగులో వాపు రేగినప్పుడు ఎముక మజ్జ న్యూట్రోఫిల్స్‌ను ఎక్కువగా రక్తంలోకి వదులుతుంది. ఒంటి మీద పడ్డ ఒత్తిడికి లింఫోసైట్స్ తగ్గుతాయి. పైఅంకె పెరిగి కిందిది తగ్గుతుంది కాబట్టి, ఏ ఒక్కదానిలోనూ కొట్టొచ్చినట్టు కనపడని మార్పు నిష్పత్తిలో బయటపడుతుంది.

3. రెండోది పీఎల్ఆర్, అంటే ప్లేట్‌లెట్లకూ లింఫోసైట్స్‌కూ మధ్య నిష్పత్తి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: ప్లేట్‌లెట్లను లింఫోసైట్స్ శాతంతో భాగించకూడదు, సంఖ్యతో భాగించాలి. తెల్లరక్తకణాలు 9,600, అందులో లింఫోసైట్స్ 20 శాతం అంటే 1,920. ప్లేట్‌లెట్లు 4.6 లక్షలైతే 4,60,000ను 1,920తో భాగించాలి. దాదాపు 240. మామూలుగా చాలామందిలో 200 లోపే ఉంటుంది.

4. టెన్షన్ పడేముందు మందుల చీటీ చూడండి. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వేసుకుంటుంటే న్యూట్రోఫిల్స్ పెరిగి, లింఫోసైట్స్ తగ్గి ఎన్ఎల్ఆర్ దానంతటదే ఎగబాకుతుంది. కడుపు నెమ్మదించినా కాగితం మీద మంట కనిపిస్తుందన్నమాట. ఈ జబ్బుకే వాడే అజాథయోప్రిన్ మందు లింఫోసైట్స్‌ను తగ్గిస్తుంది. ఐరన్ లోపం ప్లేట్‌లెట్లను పెంచుతుంది, డెంగీ పడగొడుతుంది. ఆ వారం గొంతునొప్పో, పంటి దగ్గర చీము పట్టడమో ఉన్నా లెక్క తారుమారే.

5. ఇప్పుడు గుర్తు పెట్టుకున్న రిపోర్టుతో పోల్చండి. ఈ జబ్బుకు ఇంత దాటితే ప్రమాదమని అందరూ ఒప్పుకున్న గీత లేదు. అందుకే పక్కింటివాళ్ల 2.5తో మీకు పనిలేదు. మీకు ఎప్పుడూ 1.8 ఉండేది వరుసగా రెండుసార్లు 3.5 దాటితే, మందు మార్పేమీ లేకపోతే, ఆ అంకెలు రాసుకుని గ్యాస్ట్రో డాక్టరుకు చూపించండి. సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష), మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్షలు రాయాలో లేదో ఆయన చెబుతారు. కాల్‌ప్రొటెక్టిన్ కూడా న్యూట్రోఫిల్స్‌లో ఉండే ప్రొటీనే. అయితే అది నేరుగా పేగులోంచి వచ్చిన సాక్ష్యం కాబట్టి ఎన్ఎల్ఆర్ కన్నా నమ్మదగ్గది. అంకెలు చూసి మందులు మీ అంతట మీరు ఆపడం, పెంచడం వద్దు.

రోజుకు ఆరు, అంతకంటే ఎక్కువసార్లు రక్తంతో విరేచనాలవుతూ, 100 డిగ్రీల జ్వరమో, నాడి 90 దాటడమో ఉంటే మాత్రం క్యాలిక్యులేటర్ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.