ఉద్దెర ఖాతాను ఎస్‌క్యూఎల్‌లో అడగడం ఎలా? ముందు తెలుగులో అడగండి

మిర్యాలగూడలో మా మేనమామకు ఎరువుల దుకాణం ఉంది. అమ్మకాల్లో సగం ఉద్దెరే. వరి కోతలయ్యాక డబ్బు వస్తుంది, అందాకా ఖాతా పుస్తకమే ఆధారం. "అల్లుడా, నేరేడుచర్ల దిక్కువాళ్లు వానాకాలంది ఎంతిచ్చేదుందో జర చూడు" అంటాడు. పుస్తకం తిరగేస్తే ఒక పూట పడుతుంది. అదే లెక్క డేటాబేస్‌లో, అంటే కంప్యూటర్‌లో పట్టికలుగా దాచిన ఖాతాలో, ఉంటే ఐదారు లైన్ల క్వెరీ చాలు. క్వెరీ అంటే ఆ ఖాతాను అడిగే ప్రశ్న. ఆ లైన్లు రాయడానికి ప్రోగ్రామర్ కానవసరం లేదు. మామ అడిగినంత స్పష్టంగా అడగడం వస్తే చాలు.

క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్. సమాచారాన్ని పట్టికలుగా పెట్టి, పట్టికల మధ్య సంబంధాలతో నడపాలన్న ఆలోచనను ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రచురించాడు. అక్కడే పనిచేసిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో దానికి ఒక భాష కట్టారు. మొదట దాని పేరు సీక్వెల్, అంటే స్ట్రక్చర్డ్ ఇంగ్లీష్ క్వెరీ లాంగ్వేజ్. ఆ పేరు మీద వేరే కంపెనీకి ట్రేడ్‌మార్క్ ఉండటంతో ఎస్‌క్యూఎల్ అయింది. పేరులోంచి ఇంగ్లీష్ పోయింది గానీ వాక్యంలోంచి పోలేదు. మనవాళ్లకు మొదట్లో తికమక అక్కడే వస్తుంది, దాని సంగతి కాసేపట్లో.

సరంజామా

ఎస్‌క్యూఎల్ అర్థం చేసుకునే చిన్న డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూలైట్, ఉచితం. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో అది ఇప్పటికే లోపల పనిచేస్తోంది. కంప్యూటర్‌లో నేర్చుకోవడానికి 'డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్' దించుకోండి, అదీ ఉచితమే. కొత్త డేటాబేస్ తెరిచి రెండు పట్టికలు చేసుకోండి.

రైతులు (నంబర్, పేరు, మండలం)
1, యాదయ్య, దామరచర్ల
2, లక్ష్మమ్మ, వేములపల్లి
3, యాదయ్య, నేరేడుచర్ల
4, సైదులు, త్రిపురారం

ఉద్దెర (పద్దు, రైతు_నంబర్, తేదీ, సరుకు, మొత్తం, కట్టింది)
101, 1, 2024-07-10, యూరియా 10 బస్తాలు, 2665, 1000
102, 3, 2024-07-12, డీఏపీ 4 బస్తాలు, 5400, 0
103, 1, 2024-07-20, డీఏపీ 2 బస్తాలు, 2700, 2700
104, 2, 2024-08-02, యూరియా 6 బస్తాలు, 1599, (ఖాళీ)

104వ పద్దులో చివరి గడిని నిజంగానే ఖాళీగా వదలండి, సున్నా పెట్టకండి. తేదీలో సంవత్సరం ముందు, తర్వాత నెల, చివర రోజు రాయండి. మన అలవాటు కొద్దీ 10-07-2024 అని రాస్తే ఎస్‌క్యూలైట్ దాన్ని మామూలు అక్షరాలుగానే పోల్చి, జులై పదిని జూన్ పదిహేను కంటే ముందు నిలబెడుతుంది.

పట్టికల పేర్లు, గడుల పేర్లు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు, ఎస్‌క్యూలైట్ ఒప్పుకుంటుంది. సెలెక్ట్, ఫ్రమ్, వేర్ లాంటి ఆజ్ఞలను మాత్రం కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. చదవడానికి తేలిగ్గా ఉంటుందని ఇక్కడ వాటినీ తెలుగులో రాస్తున్నాను.

మొదటి క్వెరీ

ముందు కాగితం మీద తెలుగులో రాయండి: "ఉద్దెర పట్టికలోంచి, వానాకాలం పద్దుల్లో, సరుకూ మొత్తమూ చూపించు, పెద్దవి పైన."

ఇప్పుడు 'సరుకూ మొత్తమూ చూపించు' అన్న ముక్కను ఎత్తి, 'చూపించు' ముందుండేలా వాక్యం తలకాయ దగ్గర పెట్టండి. ఇంగ్లీషులో క్రియ ముందొస్తుంది కదా, ఆ భాషను చూసి కట్టినందుకు ఎస్‌క్యూఎల్‌లోనూ ముందే రావాలి. మిగతాదంతా ఉన్న వరుసలోనే దిగుతుంది.

సెలెక్ట్ సరుకు, మొత్తం
ఫ్రమ్ ఉద్దెర
వేర్ తేదీ >= '2024-06-01' అండ్ తేదీ < '2024-11-01'
ఆర్డర్ బై మొత్తం డెస్క్;

'లోంచి' ఫ్రమ్ అయింది. 'వానాకాలం పద్దుల్లో' వేర్ అయింది. డెస్క్ (DESC) అంటే బల్ల కాదు, పెద్దది ముందు రావాలనడానికి వాడే డిసెండింగ్‌కు పొట్టిపేరు. చివర సెమీకోలన్.

ఇక్కడొక విచిత్రం ఉంది. రాసేటప్పుడు సెలెక్ట్ ముందున్నా, క్వెరీ అర్థమయ్యే వరుస అది కాదు. ముందు ఫ్రమ్, తర్వాత వేర్, ఆపైన గ్రూప్ బై, హ్యావింగ్, అప్పుడు సెలెక్ట్. అచ్చం తెలుగు వాక్యంలా! ఇంగ్లీషు వరుసలో ఆలోచిస్తే అది ఎప్పటికీ తలకిందులుగానే కనిపిస్తుంది. అందుకే మా పిల్లలకు నేర్పేటప్పుడు ఫ్రమ్ లైన్ నుంచి రాయమంటాను. సెలెక్ట్ పక్కన ఖాళీ వదిలి, అది ఆఖరున నింపాలి.

ఊరి పేరుతో వెతికేటప్పుడు

వేర్ మండలం = 'దామరచర్ల' అంటే సరిగ్గా అలాగే రాసిన వరుసలే వస్తాయి. మామ దుకాణంలో అదే మండలాన్ని మూడు చేతులు మూడు రకాలుగా రాశాయి: దామరచర్ల, దామెరచర్ల, దామరచెర్ల. అలాంటప్పుడు:

వేర్ మండలం లైక్ 'దామ%'

శాతం గుర్తు అంటే 'ఆ తర్వాత ఏమున్నా సరే' అని. ఇది తాత్కాలిక వైద్యమే. మండలాలకు ఒక పట్టిక పెట్టి, రైతు పక్కన మండలం నంబరు మాత్రమే రాయడం అసలు మందు. జిల్లా పేరు కూడా అందులోనే ఉండాలి. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయినప్పుడు నేరేడుచర్ల నల్లగొండ జిల్లా నుంచి సూర్యాపేట జిల్లాకు పోయింది. ప్రతి రైతు వరుసలో జిల్లా రాసుకున్నవాళ్లు అందరివీ దిద్దుకోవాలి. మండలాల పట్టిక ఉన్నవాళ్లు దిద్దాల్సింది ఒక్క వరుస.

రెండు పట్టికలు కలిపి, రైతువారీగా

మామ అసలు ప్రశ్న ఇప్పుడు. బాకీ ఉద్దెర పట్టికలో ఉంది, పేరు రైతుల పట్టికలో ఉంది. కలిపే తాడు రైతు నంబర్. 'వారీగా' అన్న మాట మీ ప్రశ్నలో వచ్చిందంటే అది గ్రూప్ బై అని గుర్తు పెట్టుకోండి. పట్టికలను కలిపేది జాయిన్, కూడేది సమ్. మొదటిసారి అందరూ రాసేది ఇలా ఉంటుంది:

సెలెక్ట్ పేరు, సమ్(మొత్తం - కట్టింది)
ఫ్రమ్ రైతులు
జాయిన్ ఉద్దెర ఆన్ ఉద్దెర.రైతు_నంబర్ = రైతులు.నంబర్
గ్రూప్ బై పేరు;

తప్పేమీ చూపించదు. యాదయ్య 7065 అని, లక్ష్మమ్మ ఎదురుగా ఖాళీ అని జవాబిస్తుంది. రెండూ తప్పే.

మొదటిది పేరు తప్పు. గుట్ట నరసింహస్వామి పుణ్యమా అని నల్లగొండ దిక్కు యాదయ్యలు, యాదమ్మలు, యాదగిరులు ఊరికి నలుగురుంటారు. పేరువారీగా కలపమంటే దామరచర్ల యాదయ్య 1665, నేరేడుచర్ల యాదయ్య 5400 ఒకే కుప్ప అయ్యాయి. ఆ కాగితం పట్టుకుని దామరచర్ల పోయి ఏడు వేలు అడిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

రెండోది ఖాళీ గడి. లక్ష్మమ్మ కట్టినదాని దగ్గర ఏమీ రాయలేదు కదా, దాన్ని నల్ అంటారు. మనకు అది సున్నాలా కనిపిస్తుంది. డేటాబేస్‌కు మాత్రం నల్ అంటే 'తెలియదు'. 1599లోంచి తెలియనిది తీసేస్తే వచ్చేదీ తెలియనిదే. వేర్ కట్టింది = నల్ అని వెతికినా ఒక్క వరుసా రాదు, వేర్ కట్టింది ఈజ్ నల్ అనాలి. నేను ఎక్కువసార్లు బోల్తా పడింది దీంట్లోనే. 'ఖాళీ అయితే సున్నా అనుకో' అని చెప్పడానికి కోఅలెస్ (COALESCE) ఉంది:

సెలెక్ట్ నంబర్, పేరు, మండలం, సమ్(మొత్తం - కోఅలెస్(కట్టింది, 0)) యాజ్ బాకీ
ఫ్రమ్ రైతులు
జాయిన్ ఉద్దెర ఆన్ ఉద్దెర.రైతు_నంబర్ = రైతులు.నంబర్
గ్రూప్ బై నంబర్, పేరు, మండలం
ఆర్డర్ బై బాకీ డెస్క్;

ఇప్పుడు నేరేడుచర్ల యాదయ్య 5400, దామరచర్ల యాదయ్య 1665, లక్ష్మమ్మ 1599. నేరేడుచర్లవాళ్లవే, వానాకాలంవే కావాలంటే గ్రూప్ బై పైన వేర్ లైన్ చేర్చండి. రెండు వేలు దాటినవాళ్లే కావాలంటే అది వేర్‌లో కుదరదు, ఎందుకంటే వేర్ నడిచే సమయానికి కూడిక ఇంకా కాలేదు. గ్రూప్ బై కింద, ఆర్డర్ బైకి ముందు ఇది రాయండి:

హ్యావింగ్ సమ్(మొత్తం - కోఅలెస్(కట్టింది, 0)) > 2000

సైదులు ఏమయ్యాడు? అతనికి ఉద్దెర పద్దే లేదు, కాబట్టి జాయిన్ వదిలేసింది. బాకీల చిట్టాకు అది మంచిదే. 'ఈసారి మన దగ్గర ఉద్దెర పెట్టనివాళ్లెవరు' అని మామ అడిగితే మాత్రం కావాల్సింది సైదులే. అప్పుడు జాయిన్ బదులు, పద్దు లేని రైతులనూ వదలని లెఫ్ట్ జాయిన్ పెట్టి, వేర్ ఉద్దెర.పద్దు ఈజ్ నల్ అని అడగండి.

దిద్దే ముందు

సెలెక్ట్ ఎంత తప్పు రాసినా పట్టికకు ఏమీ కాదు. పట్టికలో ఉన్నదాన్ని మార్చే అప్‌డేట్ అలా కాదు. ఒక యాసంగి సాయంత్రం ఒకాయన పూర్తిగా కట్టిపోయాడని ఇలా కొట్టాను:

అప్‌డేట్ ఉద్దెర సెట్ కట్టింది = మొత్తం;

వేర్ లైన్ మరిచాను. ఒక్క దెబ్బకు అందరి బాకీ తీరిపోయింది. సర్కారు కూడా అంత వేగంగా రుణమాఫీ చేసి ఉండదు. మామ ఏమీ అనలేదు. పాత ఖాతా పుస్తకం నా ముందు పెట్టి చాయ్ తాగడానికి వెళ్లాడు. మళ్లీ ఎక్కించడానికి రెండు రాత్రులు పట్టింది.

అప్పటి నుంచి వేర్ లైన్‌ను ముందు సెలెక్ట్‌తో నడిపి, ఎన్ని వరుసలు వచ్చాయో చూస్తాను. తర్వాత, ఆజ్ఞలు టైపు చేసే మామూలు కమాండ్ లైన్‌లో బిగిన్; అని కొట్టి, అప్‌డేట్ నడిపి, మళ్లీ సెలెక్ట్‌తో చూస్తాను. సరిగ్గా ఉంటే కమిట్, లేకపోతే రోల్‌బ్యాక్, అంతే, బిగిన్ ముందు ఎలా ఉందో అలాగే ఉంటుంది. డీబీ బ్రౌజర్‌లో అయితే బిగిన్ కొట్టే పని లేదు. మార్పులను రాసే బటన్ నొక్కేదాకా వెనక్కి తీసుకునే బటన్ పక్కనే ఉంటుంది. మామ మాత్రం ఖాతా పుస్తకం రాయడం ఇంకా మానలేదు.