బొమ్మల కథ రాద్దాం – మూడో పాఠం: కోతి సంగతి ఎవరు చెప్పాలి?

పోయిన పాఠంలో కథకి ఒక పాపనో బాబునో ఎంచుకుని, వాళ్ళకో కోరిక పెట్టారు. ఈసారి మాట ఎంతవరకు చెప్పాలి, బొమ్మకి ఏం వదలాలి అన్నది చూద్దాం.

మన తిరుపతి కథే తీసుకుందాం. అవ్వ, మనవరాలు చిట్టి అలిపిరి మెట్లెక్కి కొండకి పోతున్నారు. అవ్వ భుజాన సంచి, అందులో అరటిపళ్ళు. కొత్తగా రాసేవాళ్ళు ఇలా మొదలుపెడతారు: "ఎర్రచీర కట్టుకున్న అవ్వ చిట్టి చెయ్యి పట్టుకుని మెట్లెక్కుతోంది. వెనకాల ఒక కోతి సంచిలోంచి పండు తీసింది." చీర, చెయ్యి, కోతి అన్నీ బొమ్మలో కనబడేవే. మొత్తం కొట్టేసి ఇంతే ఉంచండి:

"గాలిగోపురం వచ్చేసింది. అవ్వకి సంచి తేలికైనట్టు అనిపించింది."

కోతి మాట కథలో ఎక్కడా రాకూడదు. బొమ్మలో మాత్రం పేజీ పేజీకీ ఒక పండు తగ్గాలి, ఒక కోతి పెరగాలి. చదివి వినిపించే నాన్న కళ్ళు అక్షరాల మీద ఉంటాయి. ఒళ్ళో కూర్చున్న పాప కళ్ళు బొమ్మ మీద ఉంటాయి. అందుకే "నాన్నా, కోతి!" అని ముందు అరిచేది పాపే. ఇంకా చదవడం రాని పిల్లకి కథ పెద్దవాళ్ళకన్నా ముందే తెలిసిపోతుంది. నాకు బొమ్మల పుస్తకాలంటే ప్రాణం అందుకే.

పాట్ హచిన్స్ 1968లో చేసిన బొమ్మల పుస్తకం 'రోజీస్ వాక్' ఇంగ్లీషులో మొత్తం 32 మాటలు. కోడిపెట్ట షికారుకి వెళ్తుంటే వెనకాలే నక్క పొంచి వస్తుంది. ఆ 32 మాటల్లో నక్క ఊసే లేదు.

ఇక పేజీ తిప్పడం. నాలుగు ఏ4 కాగితాలు కలిపి మధ్యకి మడిచి స్టేప్లర్ కొట్టండి. 16 పేజీల డమ్మీ (నమూనా) పుస్తకం తయారు. మొదటి పేజీ పేరుకి, చివరిది ముగింపుకి పోతే, మధ్యలో ఏడు జంట పేజీలు (తెరిస్తే పక్కపక్కనే కనబడే రెండేసి పేజీలు) మిగులుతాయి. (అచ్చు పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలుండేది కూడా పెద్ద షీటు మడతల లెక్క వల్లే.) పాప ఆగేది కుడి పేజీ చివర. టెన్షన్ పెట్టాల్సింది అక్కడే. మోకాళ్ళ పర్వతం దగ్గర కుడి పేజీలో ఇలా రాయండి:

"అవ్వ సంచిలో చెయ్యి పెట్టింది. మెత్తగా ఏదో తగిలింది."

తిప్పితే, రెండు పేజీల నిండా సంచిలో కూర్చున్న కోతిపిల్ల, అవ్వ వేలు పట్టుకుని. అక్కడ ఒక్క అక్షరం కూడా వద్దు. "కోతిపిల్ల!" అని రాయాలని చెయ్యి లాగుతుంది, ఆపుకోండి.

చిన్న జాగ్రత్త. మనం చదివేది ఎడమ నుంచి కుడికి. కాబట్టి ఎక్కేవాళ్ళ ముఖాలు కుడివైపుకి వెయ్యండి. ఎడమకి తిప్పితే కొండ దిగి వస్తున్నట్టుంటుంది.

ఈ వారం మీ కథని ఏడు జంట పేజీల్లో సర్దండి. బొమ్మలు రాకపోతే గీతలతో మనుషుల్ని వేసినా చాలు. తర్వాత బొమ్మలు మూసి, ఇంట్లో ఎవరికైనా మాటలు మాత్రమే చదివి వినిపించండి. వాళ్ళకి కథంతా అర్థమైపోతే ఇంకా కొట్టెయ్యాల్సింది ఉందన్నమాట. వచ్చే పాఠానికి ఆ డమ్మీ దగ్గర పెట్టుకోండి, పైకి చదువుతూ వాక్యాలు సరిచేద్దాం.