గ్రామ్ స్టెయిన్ స్లైడ్‌కి మంచి ఫొటో: స్మియర్ నుంచి స్కేల్ బార్ దాకా

గ్రామ్ స్టెయిన్ అంటే బ్యాక్టీరియాకు రంగులు వేసి, ఊదాగా మిగిలేవాటిని గ్రామ్ పాజిటివ్‌గా, గులాబీగా మారేవాటిని గ్రామ్ నెగటివ్‌గా విడదీసే పద్ధతి. స్లైడ్ మీద పలచగా పరిచిన నమూనా పూతే స్మియర్. బ్యాక్టీరియా ఫొటో మసగ్గా వస్తే చాలామంది మొదట కెమెరానే అనుమానిస్తారు. తప్పు సాధారణంగా అక్కడ ఉండదు. 100ఎక్స్ ఆయిల్ ఆబ్జెక్టివ్ (నూనె చుక్కతో వాడే, స్లైడ్ వైపు ఉండే లెన్స్) ఒకేసారి స్పష్టంగా చూపగలిగే లోతు సుమారు అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). గుండ్రటి బ్యాక్టీరియా స్టాఫైలోకోకస్ కణం అడ్డకొలతే దాదాపు ఒక మైక్రాన్. అంటే కణాలు ఒకే పొరగా పరచుకున్న చోటే ఫొటోకి పనికొస్తుంది. రెండు మూడు పొరలు పేరుకుంటే ఎంత ఖరీదైన కెమెరా బిగించినా కింది కణాల మసక పైవాటి మీద పరచుకుంటుంది. అందుకే ఇక్కడ ఎక్కువ మాట స్లైడ్ గురించే.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. చేయి తిరగడానికి బాసిల్లస్ సబ్‌టిలిస్, ఈ. కోలై కే-12 లాంటి నిరపాయకరమైన రకాలు చాలు. రోగి నమూనాలు, రోగకారక కల్చర్లు (ల్యాబ్‌లో పెంచిన బ్యాక్టీరియా) తగిన బయోసేఫ్టీ వసతి ఉన్న ల్యాబ్‌లోనే తెరవాలి. మంట మీద ఫిక్స్ చేశాం (స్మియర్‌ను గాజుకు అంటుకునేలా చేశాం) కదా, అన్నీ చచ్చాయిలే అనుకోకండి. స్పోర్లు (కొన్ని బ్యాక్టీరియా తయారుచేసే విత్తనాల్లాంటి గట్టి రూపాలు) ఆ మాత్రం వేడికి లొంగవు. గ్లవ్స్ తీయకుండానే రంగులు వేయండి. క్రిస్టల్ వయొలెట్ అనే ఊదారంగు చేతికి అంటితే వారం దాకా వదలదు, అది వేరే సంగతి.

రంగులు కలుపుకోవడం

రెడీమేడ్ కిట్ ఉంటే ఈ భాగం దాటేయవచ్చు. లేకపోతే హకర్ పద్ధతి నమ్మకమైనది. 2 గ్రాముల క్రిస్టల్ వయొలెట్‌ను 95 శాతం ఇథనాల్ 20 మి.లీ.లో కరిగించండి. 0.8 గ్రాముల అమోనియం ఆక్సలేట్‌ను 80 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో విడిగా కరిగించండి. రెండూ కలిపి ఒక రోజు కదపకుండా ఉంచి వడపోయండి. వడపోత మానేస్తే రంగు స్ఫటికాలు స్లైడ్ మీద నల్లటి చుక్కలుగా కూర్చుంటాయి. కొత్తవారు వాటినే గ్రామ్ పాజిటివ్ కోకై (గుండ్రటి బ్యాక్టీరియా) అని రాసేస్తారు.

గ్రామ్స్ అయోడిన్‌కు అయోడిన్ 1 గ్రాము, పొటాషియం అయోడైడ్ 2 గ్రాములు, నీరు 300 మి.లీ. ఇక్కడ వరస ముఖ్యం. అయోడిన్ ఉత్త నీటిలో దాదాపు కరగదు. ముందు కొద్ది నీటిలో అయోడైడ్ కరిగించి, అందులో అయోడిన్ వేసి కలిపి, పూర్తిగా కరిగాక మిగతా నీరు పోయండి. ముదురు గోధుమరంగు సీసాలో దాచండి. ద్రావణం లేత పసుపుకి తిరిగిందంటే దాని పని అయిపోయినట్టే, పారబోయండి.

శాఫ్రనిన్ (గులాబీ రంగు) స్టాక్: 95 శాతం ఇథనాల్ 100 మి.లీ.లో 2.5 గ్రాములు. వాడేటప్పుడు 10 మి.లీ. స్టాక్‌కు 90 మి.లీ. నీరు. రంగు తీయడానికి 95 శాతం ఇథనాల్, లేదా ఇథనాల్, అసిటోన్ సమపాళ్లలో. రెండోది చాలా వేగంగా లాగేస్తుంది కాబట్టి చేయి కుదిరేదాకా ఇథనాలే మేలు.

స్మియర్

కొత్త స్లైడ్ల మీద కూడా కంటికి కనిపించని జిడ్డు ఉంటుంది. నీటి చుక్క పరచుకోకుండా ముత్యంలా ముడుచుకుంటే జిడ్డు ఉన్నట్టు. ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి వాడండి.

అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) మీది కాలనీ అయితే లూప్‌తో (తీగ వలయంతో) చిన్న నీటి చుక్క పెట్టి, సూది మొనతో కాలనీని ముట్టుకుని ఆ చుక్కలో కలపండి. ముట్టుకుంటే చాలు, గీరి తీయక్కర్లేదు. ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పున పలచగా పరచండి. ఆరాక అచ్చు అక్షరాల మీద పెట్టి చూడండి: కింది అక్షరాలు చదవగలిగితే మందం సరిపోయింది, కనపడకపోతే ఇంకో స్లైడ్ తీసుకోండి. బ్రాత్ (ద్రవ ఆహారం)లో పెంచిన కల్చర్ అయితే నీరు కలపకుండా ఒకటి రెండు లూపులు నేరుగా వేయాలి.

కల్చర్ వయసు 18 నుంచి 24 గంటలు ఉండాలి. పాతబడిన కల్చర్‌లో గ్రామ్ పాజిటివ్ కణాల గోడ శిథిలమై ఊదారంగును పట్టుకోలేదు. బాసిల్లస్ జాతి ఈ విషయంలో మరీ మోసం చేస్తుంది. ఒకే గొలుసులో కొన్ని ఊదాగా, కొన్ని గులాబీగా కనిపిస్తే ముందు కల్చర్ తేదీ చూసుకోండి. యాంటీబయాటిక్ పడ్డ నమూనాల్లోనూ ఇదే తంతు.

గాలికి పూర్తిగా ఆరనిచ్చాకే ఫిక్స్ చేయాలి. తడిగా ఉండగా మంట చూపిస్తే కణాలు ఉడికి ఆకారం చెడిపోతుంది. ఆరిన స్లైడ్‌ను మంటలోంచి రెండు మూడుసార్లు చకచకా పోనివ్వండి. చేతి వెనక పెట్టుకుంటే వెచ్చగా ఉండాలి తప్ప చురుక్కుమనకూడదు. ఫొటో కోసమే చేస్తుంటే మెథనాల్ ఇంకా మంచిది: స్మియర్ మీద పోసి రెండు నిమిషాలుంచి, వంచి ఆరనివ్వండి, మళ్లీ వేడి చేయొద్దు. చీము, కఫం లాంటి నమూనాల్లో తెల్లకణాల ఆకారం మెథనాల్‌తోనే నిలుస్తుంది. అది మండే ద్రవం, బర్నర్ ఆర్పేశాకే సీసా మూత తీయాలి.

రంగు వేయడం

క్రిస్టల్ వయొలెట్ స్మియర్ అంతా మునిగేలా పోసి 1 నిమిషం. సన్నటి ధారతో నీటి కడుగు. ధార స్మియర్ మీద నేరుగా పడకూడదు, పై అంచు మీద పడి జారాలి. తర్వాత అయోడిన్ 1 నిమిషం, మళ్లీ కడుగు.

అసలు పరీక్ష ఇప్పుడే. స్లైడ్‌ను ఏటవాలుగా పట్టుకుని ఇథనాల్‌ను చుక్కచుక్కగా వదలండి. మొదట చిక్కటి ఊదారంగు జారుతుంది, తర్వాత పలచబడుతుంది. జారే చుక్కలో రంగు దాదాపు కనపడని క్షణంలో ఆపి వెంటనే నీటితో కడిగేయాలి. పలుచటి స్మియర్‌కి ఇది 5 నుంచి 10 సెకన్ల పని. అసిటోన్ కలిపినదైతే 2, 3 సెకన్లే. మందపు స్మియర్‌లో అంచులు ఎక్కువగా, నడిమి భాగం తక్కువగా రంగు కోల్పోతాయి. ఒకే స్లైడ్ ఒకచోట పాజిటివ్‌గా, ఒకచోట నెగటివ్‌గా చదివే చిక్కు అక్కడ మొదలవుతుంది.

ఇక్కడ జరిగేదేమిటో తెలిస్తే చేయి తొందరపడదు. వయొలెట్, అయోడిన్ కలిసి కణం లోపల పెద్ద సంయోగంగా మారతాయి. గ్రామ్ పాజిటివ్ కణానికి పెప్టిడోగ్లైకాన్ గోడ మందంగా ఉంటుంది. ఆల్కహాల్‌కి అది నీరు కోల్పోయి బిగుసుకుని, రంగును లోపలే బంధిస్తుంది. గ్రామ్ నెగటివ్ కణానికి ఆ గోడ పలచన, పైనున్న కొవ్వు పొరను ఆల్కహాల్ కరిగించేస్తుంది, రంగు కారిపోతుంది. ఆల్కహాల్‌లో మరీ ఎక్కువసేపు ఉంచితే మందపు గోడ కూడా చేతులెత్తేస్తుంది. అయోడిన్ వేయడం మరిచిపోతే ఆ సంయోగమే ఏర్పడదు కాబట్టి రంగు ఇట్టే పోయి స్లైడంతా గులాబీమయం.

చివరికి శాఫ్రనిన్ 30 నుంచి 60 సెకన్లు, కడుగు, బ్లాటింగ్ పేపర్‌తో అద్దకం. అద్దాలి, రుద్దకూడదు. 1884లో డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ఈ పద్ధతి ప్రకటించినప్పుడు శాఫ్రనిన్ మెట్టు లేదు. గులాబీ రంగు తర్వాతివారు చేర్చింది.

ప్రతి స్లైడ్ మీద నమూనా పక్కనే రెండు చిన్న మచ్చలు పెట్టడం అలవాటు చేసుకోండి: ఒకటి స్టాఫైలోకోకస్ ఆరియస్ (ఏటీసీసీ అనే కల్చర్ బ్యాంకు నంబరు 25923), ఇంకొకటి ఈ. కోలై (ఏటీసీసీ 25922). నిరపాయకర రకాలతో సాధన చేసేవారు సబ్‌టిలిస్, కే-12లనే వాడుకోవచ్చు. మొదటిది ఊదాగా, రెండోది గులాబీగా రాకపోతే ఆ స్లైడ్‌కి ఫొటో తీయడం దండగ. చీము నమూనాలో అయితే ఇలా సరిచూసే కంట్రోల్ లోపలే ఉంటుంది. తెల్లకణాల కేంద్రకాలు గులాబీగా ఉండాలి, ఊదాగా ఉంటే ఆల్కహాల్ చాలలేదు. మైకోబ్యాక్టీరియా ఈ స్టెయిన్‌కి సరిగా దొరకదు, మైకోప్లాస్మాకు గోడే లేదు. వాటి కోసం ఇక్కడ వెతక్కండి.

వెలుతురు సరిచేయడం

1893లో ఆగస్ట్ కోలర్ చెప్పిన అమరికే ఈనాటికీ వాడుకలో ఉంది. 10ఎక్స్‌లో స్మియర్‌ను ఫోకస్ చేయండి. దీపం దగ్గరి ఫీల్డ్ డయాఫ్రమ్‌ను (తెరిచి మూయగల వెలుతురు రంధ్రం) పూర్తిగా మూయండి. కండెన్సర్‌ను (స్లైడ్ కింద వెలుతురును కూడదీసే లెన్స్) పైకీ కిందకీ జరుపుతూ ఆ డయాఫ్రమ్ అంచు పదునుగా కనిపించే చోట ఆపండి. కండెన్సర్ మరలతో ఆ వెలుగు వలయాన్ని నడిమికి తెచ్చి, అది కంటిచూపు అంచు దాటేదాకా డయాఫ్రమ్ తెరవండి. తర్వాత ఐపీస్ (కంటి దగ్గరి లెన్స్) తీసి గొట్టంలోకి చూస్తూ కండెన్సర్ డయాఫ్రమ్‌ను వెలుగు వలయంలో సుమారు మూడొంతుల మేర తెరిచి ఉంచండి. ఆబ్జెక్టివ్ మార్చిన ప్రతిసారీ ఈ చివరి మెట్టు మళ్లీ చూసుకోవాలి. కాంట్రాస్ట్ పెరుగుతుందని డయాఫ్రమ్ బాగా మూసేస్తే కణాల చుట్టూ నల్లటి వలయాలు పుట్టుకొస్తాయి, వివరం తగ్గుతుంది.

100ఎక్స్‌కు నూనె తప్పనిసరి. నూనె వక్రీభవన గుణకం సుమారు 1.515, దాదాపు గాజుతో సమానం. గాలి మధ్యలో ఉంటే కాంతి పక్కకి వంగి లెన్స్‌కి అందకుండా పోతుంది. స్మియర్ మీద కవర్‌స్లిప్ అక్కర్లేదు, ఒక చుక్క నేరుగా వేయండి. బొమ్మ పొగమంచులా కనిపిస్తే నూనెలో బుడగ ఉండవచ్చు. ఐపీస్ తీసి లోపలికి చూస్తే గుండ్రంగా కదులుతూ పట్టుబడుతుంది. తుడిచి కొత్త చుక్క వేయండి. ఆయిల్ పెట్టాక 40ఎక్స్ వైపు తిప్పొద్దు, దాని ముఖం నూనె పాలవుతుంది.

న్యూమరికల్ అపర్చర్ (లెన్స్ ఎంత కాంతిని కూడదీయగలదో చెప్పే అంకె) 1.25 ఉన్న ఆబ్జెక్టివ్‌తో ఆకుపచ్చ కాంతిలో విడదీసి చూడగలిగే దూరం దాదాపు 0.27 మైక్రాన్లు. అంతకంటే సన్నటి వివరం ఎన్ని మెగాపిక్సెళ్లు పెట్టినా రాదు.

ఫొటో

ఫొటోకి కణాలు గుంపులు కట్టకుండా ఉన్న చోటు వెతకండి. స్మియర్ అంచుకీ నడిమికీ మధ్యలో ఎక్కువగా దొరుకుతుంది.

ఫోన్ వాడితే ఐపీస్‌కి బిగించే అడాప్టర్ కావాలి, చేత్తో పట్టుకుంటే 100ఎక్స్‌లో కుదరదు. ప్రధాన లెన్స్‌నే ఎంచుకోండి. వైడ్, మాక్రో లెన్సులు ఆటోమేటిక్‌గా మారకుండా ఆపండి. హెచ్‌డీఆర్, నైట్ మోడ్, అందం పెంచే ఫిల్టర్లు అన్నీ ఆఫ్. ఫోన్ తనంతట తాను చేసే పదును పెంపు మరీ ప్రమాదం: కోకై చుట్టూ తెల్లటి అంచు గీస్తుంది, చూసినవాళ్లు క్యాప్సూల్ (కొన్ని బ్యాక్టీరియా చుట్టూ ఉండే పొర) అనుకుంటారు. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి 2 సెకన్ల టైమర్‌తో తీయండి.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు. ఫీల్డ్ అంతా గులాబీ కణాలుంటే కెమెరా దాన్నే లోపమనుకుని గులాబీని తగ్గించేస్తుంది. గ్రామ్ స్టెయిన్‌లో రంగే జవాబు కాబట్టి ఇది చిన్న తప్పు కాదు. స్లైడ్‌లో కణాలు లేని ఖాళీ చోటికి జరిపి, అక్కడ తెలుపును సెట్ చేసి లాక్ చేయండి. అక్కడే ఖాళీ ఫొటో కూడా ఒకటి తీసి దాచుకోండి. మూలల్లో చీకటి, ధూళి మచ్చలు ఉంటే ఇమేజ్‌జే అనే ఫొటో విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో అసలు ఫొటోను ఈ ఖాళీ ఫొటోతో భాగించి సరిచేయవచ్చు. ధూళి ఎక్కడుందో కనిపెట్టడం తేలిక. ఐపీస్ తిప్పితే మచ్చ తిరిగిందా, ఐపీస్‌దే. స్లైడ్ జరిపితే జరిగిందా, స్లైడ్‌ది. రెండింటికీ కదలకపోతే కండెన్సర్, దీపం, కెమెరా వైపు చూడండి.

బ్యాక్‌గ్రౌండ్ పూర్తి తెలుపు కాకూడదు. పిక్సెల్ వెలుగు విలువ 255కి (255 అంటే పూర్తి తెలుపు) 230 దగ్గర ఉంటే లేత కణాల అంచులు కూడా మిగులుతాయి. వీలుంటే టిఫ్‌గా దాచండి. జేపెగ్‌ను తెరిచి మళ్లీ మళ్లీ సేవ్ చేసినకొద్దీ సన్నటి అంచులు అరిగిపోతాయి.

స్కేల్ బార్

స్కేల్ బార్ అంటే ఫొటో మీద అసలు కొలత చూపే చిన్న గీత. ‘1000ఎక్స్’ అని కింద రాయడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఫోన్ తెర మీద ఒక సైజు, ప్రొజెక్టర్ మీద ఇంకో సైజు. కొలత చెప్పేది బార్ మాత్రమే.

స్టేజ్ మైక్రోమీటర్ అంటే 1 మి.మీ.ను 100 భాగాలు చేసిన గీతలున్న స్లైడ్, ఒక్కో భాగం 10 మైక్రాన్లు. అదే ఆబ్జెక్టివ్, అదే అడాప్టర్, అదే జూమ్‌తో దాని ఫొటో తీయండి. ఇమేజ్‌జేలో పది భాగాల మేర సరళరేఖ గీయండి. 100ఎక్స్‌లో గీతలు కూడా లావుగా కనిపిస్తాయి కాబట్టి ఒక గీత ఎడమ అంచు నుంచి మరో గీత ఎడమ అంచు దాకా కొలవాలి. ఉదాహరణకు 100 మైక్రాన్లకు 1540 పిక్సెళ్లు వస్తే, మైక్రాన్‌కు 15.4. అనలైజ్ మెనూలోని సెట్ స్కేల్‌లో ఇది ఇచ్చి, టూల్స్ కింద స్కేల్ బార్ ఎంచుకుని 10 మైక్రాన్ల బార్ వేయండి, 154 పిక్సెళ్లు రావాలి. ఫొటోను సగానికి కుదిస్తే లెక్క 7.7 అవుతుంది కాబట్టి కుదించే ముందే బార్ వేసేయడం క్షేమం. డిజిటల్ జూమ్ ముట్టుకున్నా లెక్క మొత్తం తప్పుతుంది.

సరిచూసుకోవడానికి ఒక చిట్కా: నమూనాలో ఎర్రరక్తకణం ఉంటే కొలవండి. ఏడెనిమిది మైక్రాన్ల దరిదాపుల్లో రావాలి. 15 వచ్చిందంటే ఎక్కడో ఆబ్జెక్టివ్ తారుమారైంది.

దిద్దుబాట్లకు హద్దు ఉంది. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ ఫొటో మొత్తానికి ఒకేలా మార్చవచ్చు. ఒక కణాన్నే మెరిపించడం, అడ్డొచ్చిన స్ఫటికాన్ని చెరిపేయడం, ఊదారంగు పెంచడం కూడదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మల్లో రంగులు తర్వాత అద్దినవే, అక్కడ అసలు రంగు నమోదే కాదు కాబట్టి ఆ సంగతి రాసి అద్దుకోవచ్చు. ఇక్కడ రంగు ఫలితంలో భాగం.

ఫొటో కింద జీవి పేరు లేదా నమూనా రకం, కల్చర్ వయసు, ఫిక్స్ చేసిన తీరు, ఆబ్జెక్టివ్, బార్ పొడవు రాయండి. స్లైడ్ లేబుల్ మీద రోగి పేరు ఫ్రేములో పడకుండా చూసుకోండి. ఫోన్‌లో తీసిన ఫైల్ అయితే అందులో దాగి ఉండే లొకేషన్ వివరాలు తీసేసి పంపండి. ఆబ్జెక్టివ్ మీది నూనెను ఆ పూటే లెన్స్ పేపర్‌తో అద్ది తీసేయండి. రేపటికి అది జిగురవుతుంది.