తిమింగలాన్ని గుర్తుపట్టడం – మూడో పాఠం: తల మీది కాయలు

అర్జెంటీనాలోని వాల్దేస్ ద్వీపకల్పం దగ్గర చిన్న విమానంలో చక్కర్లు కొడుతూ పైనుంచి ఫొటో ఎలా తీస్తారో గత పాఠంలో చూశాం. ఈసారి ఆ ఫొటోను చదవడం. కాగితం, పెన్సిలు, రబ్బరు దగ్గర పెట్టుకోండి. రబ్బరుతో పని బాగానే పడుతుంది.

మన ముందున్నది సదరన్ రైట్ తిమింగలం. నెమ్మదిగా ఈదుతుంది, చచ్చాక తేలుతుంది; వేటగాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? అందుకే 'సరైనది' అని పేరు పెట్టారు. 1935లోనే వేట మీద అంతర్జాతీయ నిషేధం వచ్చినా, 1950, 60లలో సోవియట్ ఓడలు దొంగచాటుగా మూడు వేలకు పైగా చంపాయి. ఆ తర్వాత మిగిలినవాటిని 1970లో అమెరికా జీవశాస్త్రవేత్త రోజర్ పేన్ వాల్దేస్ దగ్గర పరిశీలించడం మొదలుపెట్టారు. 1971 నుంచి ఏటా ఫొటోలు తీస్తూనే ఉన్నారు.

అరచేతిలో కాయలు కాస్తాయి కదా, ఈ జీవి తల మీద అలాంటి గట్టి చర్మపు మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి. ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. ముందు మూతి కొసన ఉన్న పెద్ద కాయను గీయండి. దాన్ని బోనెట్ అంటారు. తర్వాత రెండు ముక్కు రంధ్రాలు. బోనెట్‌కూ ఆ రంధ్రాలకూ నడుమ దీవుల్లా ఉన్న చిన్న కాయలను లెక్కపెట్టండి: ఎన్ని, ఎడమవైపు ఎన్ని, కుడివైపు ఎన్ని. చివరగా కింది పెదవి అంచున ఉన్న కాయల వరస ఏకధాటిగా ఉందా, మధ్యలో తెగిందా చూడండి.

కొత్తవాళ్లంతా ఒకే చోట బోల్తా పడతారు, నేనూ పడ్డాను: తెలుపును నమ్మడం. కాయ అసలు రంగు బూడిద. తెల్లగా కనిపించేది దాని మీద గుంపులుగా బతికే తిమింగలపు పేలు, రొయ్యలకు దూరపు చుట్టాలు. అవి అటూఇటూ జరిగితే అంచు మారినట్టే ఉంటుంది. కాబట్టి అంచు వంపుల కోసం తంటాలు పడకండి. కాయలు ఏవి ఎక్కడెక్కడ ఉన్నాయో, అదే పట్టుకోండి. పిల్లల తలలు మరీ కష్టం: మొదటి నెలల్లో నారింజ రంగు పేలు తలంతా కప్పేస్తాయి, కాయలు సరిగా తెలియవు. వాటిని పక్కన పెట్టండి.

వీపు మీద తెల్లని గుంట కనిపిస్తే పుట్టుమచ్చ అని రాసుకోవద్దు. సీగల్ పక్షులు పొడిచి చర్మం, కొవ్వు తిన్న గాయం కావచ్చు. చెత్త కుప్పలు, చేపల వ్యర్థాలు తిని ఆ పక్షులు అక్కడ బాగా పెరిగాయి.

ఈ చాకిరీ అంతా ఎందుకంటే, తల్లి సాధారణంగా మూడేళ్లకోసారి ఈనుతుంది. ఫలానా ఆడ తిమింగలం ఏ ఏడాది పిల్లతో కనిపించిందో తెలిస్తేనే ఆ ఎడం పెరిగిందని పట్టుకోగలం. దక్షిణ అట్లాంటిక్‌లోని దక్షిణ జార్జియా దీవి దగ్గర సముద్రం వేడెక్కి, ఈ తిమింగలాలు తినే రొయ్యల్లాంటి చిన్న జీవులు, క్రిల్, తగ్గిన సంవత్సరాల తర్వాత వాల్దేస్‌లో పిల్లలు తగ్గిన సంగతి ఇలాంటి లెక్కల్లోనే బయటపడింది.

అభ్యాసం: పైనుంచి తీసిన ఐదు తలల ఫొటోలు వెతికి, ఒక్కోదానికి బొమ్మ గీయండి. మర్నాడు బొమ్మలు కలిపేసి, ఏది ఏ ఫొటోదో జతపరచండి. తప్పిన చోట దీవులు మళ్లీ లెక్కపెట్టి, బొమ్మ దిద్దండి. ఆ ఐదూ పారేయకండి, వచ్చే పాఠంలో వాటితోనే పని.