పాత మ్యాకింటాష్ బీప్ మార్చుకుందామా

ఏదైనా తప్పు జరిగితే మ్యాక్ (యాపిల్ వాళ్ల మ్యాకింటాష్ కంప్యూటర్) చేసే బీప్ బదులు మీకు నచ్చిన సౌండ్ పెట్టుకోవచ్చు. ఇక్కడ చెప్పేది సిస్టమ్ 7 అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే మ్యాక్‌ల గురించి, అంటే 1991 తర్వాతి సంగతి. అంతకు ముందు సిస్టమ్ 6లో కొత్త సౌండ్ పెట్టాలంటే రెస్ఎడిట్ లాంటి, ఫైళ్ల లోపలి భాగాలు మార్చే టూల్ పట్టుకుని సిస్టమ్ ఫైల్‌ని విప్పాల్సి వచ్చేది. సిస్టమ్ 7లో మౌస్‌తో లాగి వదిలితే చాలు.

ముందు సిస్టమ్ ఫోల్డర్‌ని ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి, ఈ ఒక్క పని మాత్రం వాయిదా వేయొద్దు. సౌండ్ వెళ్లి చేరేది సిస్టమ్ ఫైల్ లోపలికే కాబట్టి, అది పాడైతే మెషీన్ బూట్ కాదు.

డౌన్‌లోడ్ చేసిన సౌండ్ ఫైల్ ప్యాక్ చేసి ఉంటుంది, దాన్ని విండోస్‌లో విప్పకండి. మ్యాక్ సౌండ్ అసలు సరుకంతా రిసోర్స్ ఫోర్క్‌లో, అంటే మ్యాక్ ఫైల్‌కి ఉండే రెండో భాగంలో ఉంటుంది, విండోస్ దాన్ని వదిలేస్తుంది, చివరికి మీ చేతికి ఖాళీ ఫైల్ వస్తుంది. ప్యాక్ చేసినది చేసినట్టే మ్యాక్‌లోకి తీసుకెళ్లి, అక్కడ స్టఫిట్ అనే ప్రోగ్రామ్‌తో విప్పండి. విప్పాక డబుల్ క్లిక్ చేస్తే సౌండ్ అక్కడే వినిపిస్తుంది. నచ్చితే, తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నీ మూసేసి, దాన్ని సిస్టమ్ ఫోల్డర్ ఐకాన్ మీదకి లాగండి, ఎక్కడ పెట్టాలో మ్యాకే చెప్పి అనుమతి అడుగుతుంది. తర్వాత కంట్రోల్ ప్యానెల్స్‌లో సౌండ్ తెరిస్తే ముందే ఉన్న క్వాక్, సోసుమీ సౌండ్ల పక్కన మీదీ కనిపిస్తుంది. (సోసుమీ యాపిల్‌లో పనిచేసిన జిమ్ రీక్స్ చేసిన సౌండ్. బీటిల్స్ బ్యాండ్ వాళ్ల కంపెనీ యాపిల్ కోర్‌తో కేసు నడుస్తున్న రోజుల్లో "సో స్యూ మీ", అంటే కావాలంటే కేసు వేసుకోండి అని, ఆ పేరు పెట్టాడు.)

మీది 1990లో వచ్చిన మ్యాకింటాష్ ఎల్‌సీ లాంటి, మైక్ ఉన్న మ్యాక్ అయితే, అదే ప్యానెల్‌లో 10 సెకన్ల దాకా రికార్డ్ చేసుకోవచ్చు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, నా మ్యాక్‌లో ఇప్పుడు మా అమ్మమ్మ "ఒరేయ్, చూసుకో" అంటుంది. అయితే 10 సెకన్లూ వాడేయకండి, ఒక సెకను సరిపోతుంది. సౌండ్ అయిపోయేదాకా మెషీన్ ఆగి ఉంటుంది, అందుకని పొడుగు సౌండ్ పెడితే రెండు రోజుల్లో విసుగొస్తుంది. పైగా 22 కిలోహెర్ట్జ్, 8 బిట్ క్వాలిటీలో రికార్డ్ చేస్తే సెకనుకి దాదాపు 22 కేబీ, 10 సెకన్లకి 220 కేబీ, 4 ఎంబీ మెమరీ ఉన్న మెషీన్‌కి అదేం చిన్న లెక్క కాదు.

డిస్క్ పెట్టినప్పుడు ఒకటి, బయటికి తీసినప్పుడు ఒకటి, షట్ డౌన్‌కి ఇంకొకటి కావాలంటే సౌండ్‌మాస్టర్ అనే కంట్రోల్ ప్యానెల్ వేసుకోండి. అదీ అలాగే సిస్టమ్ ఫోల్డర్ మీదకి లాగి రీస్టార్ట్ చేయాలి. స్టార్టప్‌లో మెషీన్ బిగుసుకుపోతే టెన్షన్ పడకండి, ఆపి మళ్లీ ఆన్ చేసి షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే అదనంగా వేసినవేవీ లోడ్ కావు, అప్పుడు దాన్ని తీసేయొచ్చు. మీరు వేసుకున్న సౌండ్ ఏదైనా వద్దనుకుంటే సిస్టమ్ ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరిచి, ఆ సౌండ్‌ని ట్రాష్‌లోకి లాగండి.